మోకాళ్లు

మా ఆయన మీద సినిమా తీసిండ్రు.
కార్టూన్లు గీసేటోని మీద గూడ తీస్తరని నాకు ఎరిక లేదు.
నల్లగొండల రెండో ఆట, నాకు ఉత్తగనే టికెట్టు,
పక్క సీటుల మరిది బిడ్డ కౌసల్య
ఫోను చూసుకుంట కూసున్నది.

తీసే ముందు పట్నం నుంచి ఇద్దరు పోరగాండ్లు వచ్చిండ్రు.
రెండు దినాలు నా నోటి ముంగట మైకు పెట్టి
యాభై వేలు ఇస్తమన్నరు.
పది వేలు, ఒక శాలువ ఇచ్చి పోయిండ్రు.
నాకు కోపం రాలే.
బుచ్చిలింగం బతికుంటే వాళ్లను కావలిచ్చుకునేటోడు,
గీ విద్య ఎవరు నేర్పిండ్రు బిడ్డా అని.

గాయన ఒక్క బొమ్మను ఇద్దరికి అమ్మినోడు.
మునిసిపాలిటి ఎలక్షన్లల్ల
పొద్దుగాల వడ్ల మిల్లు సేటుకు,
మాపటికి ఆయన మీద నిలబడ్డ కంట్రాక్టరుకు.
నడుమ మార్చింది మీసం ఒక్కటే.
తెల్లారి గడియారం సెంటర్ల రెండు పోస్టర్లు పక్కపక్కన:
ఎండిన నల్లా మింగుతున్న మొఖం, మీసంతోని,
ఎండిన నల్లా మింగుతున్న మొఖం, మీసం లేకుంట.
ఇద్దరు కలిసి మా ఇంటికొచ్చిండ్రు కొట్టనీకి.
వాళ్లకు రాజీ అయింది గట్లనే.
గాయన ప్రెస్సు వెనుక తొవ్వల
బత్తాయిల లారీ ఎక్కి దేవరకొండ పోయిండు.
మూడో దినం వచ్చిండు, సంచి నిండ బత్తాయిలు.
వాటికి గూడ పైసలియ్యలే.

మా తమ్ముని సైకిలు కుదువపెట్టి నల్ల సిరా కొన్నడు.
ఆ సిరాతోనే తమ్ముని బొమ్మ గీసిండు,
కండ్ల జాగల రెండు చక్రాలు.
పత్రికల పడ్డంక తమ్ముడు దానికి ఫ్రేము కట్టించుకున్నడు.
సైకిలు అడుగుడు మరిచిండు.

సినిమాల పోలీసోల్లు ఆయనను వానల కొడ్తరు,
మెల్లగ, వయొలిన్లు పెట్టి.
కొట్టలే.
ఎస్సై బొడ్డు గీసినందుకు ఒక రాత్రి కూసోబెట్టిండ్రు.
తెల్లారేవరకు కానిస్టేబుళ్ల పిల్లగాండ్లను అందరిని గీసి,
గుడ్డు బిర్యాని తిని,
నాకొక పొట్లం కట్టించుకొని వచ్చిండు.
మోరిల ఇసిరేసిన.
ఆకలి మీద ఉండి ఇసిరేసిన, గా వాసన ఇప్పటికి యాదికొస్తది.

మిర్యాలగూడ ఆమెను గూడ పెట్టిండ్రు.
ఆమెకు ఒక పాట, ఆరు చీరెలు.
నాకు ఒక ఏడుపు.
నేను ఏడ్వలే.
గాయన గీసిన ఆడోళ్లందరికి,
ఎల్లమ్మకు, పెండ్లికార్డు మీది పిల్లకు, పోలియో చుక్కల తల్లికి,
ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఎందుకున్నదో
తెలిసిననాడు
సిరాబుడ్డి ఎత్తి గోడకు కొట్టిన.
ఆ మరకకు రెండు కండ్లు, రెండు కొమ్ములు పెట్టి
కింద 'అండాలు' అని నా పేరు రాసిండు.
సున్నమేసినా కనపడ్తది.
నాకు నవ్వొచ్చింది. గదే నా తప్పు.

ఇవన్ని పోనీ. హీరో నడక ఉన్నది సూడు,
ఆరడుగుల పోరడు, మెట్లు దుంకుకుంట ఎక్కుతడు.
గాయనది మర్రిగూడ దిక్కు.
పుట్టినప్పటి సంది ఆ బోరు నీళ్లే తాగిన కాళ్లు.
కూసుంటే లేవరాదు,
అట్టను గోడకు ఆనిచ్చి నిలబడే గీసేటోడు.
గీసిన మనుషులందరివి గవే వంకర కాళ్లు,
మంత్రివి, కలెక్టరువి, యముని దున్నపోతువి గూడ.
పట్నం పత్రికాయన ఒకాయన జాబు రాసిండు:
బొమ్మలు బాగున్నయి, కాళ్లు గీయడం నేర్చుకోండి.
గాయన సీసల మా నీళ్లు నింపి, మూత బిగించి,
పార్సిలు పంపిండు.
పోస్టు ఖర్చు నా కొంగుల నుంచే.

గీ ముచ్చట మైకు ముంగట చెప్పిన.
"నవ్వు తగ్గిపోతదమ్మా" అన్నరు పోరగాండ్లు.

ఇంటర్వెల్ల లేచి వచ్చిన.
రెండో సగం నాకు ఎరికే,
గాంధి దవఖానల పదకొండు దినాలు.

బయట గోడకు నిలువెత్తు పోస్టరు,
పెన్సిలు చెవికి పెట్టుకొని నవ్వుతున్న పోరడు.
పాప్‌కార్ను అమ్మెటోని దగ్గర పెన్ను అడిగిన.
మోకాళ్ల కాడ రెండు గీతలు లోపలికి గుంజిన.
చెయ్యి వణికి ఎడమది ఎక్కువ వంగింది.
ఆయనకు కుడిది.

"అవ్వా, నా పెన్ను" అన్నడు.
ఏ పెన్ను బిడ్డా, అన్న.
రొండిల ఉన్నది.